మైదానం ఎవరిది?



1920 డిసెంబరు 26న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్యాక్టరీ కార్మిక స్త్రీల ఫుట్‌బాల్ ఆట చూడటానికి దాదాపు 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట స్త్రీలకు తగదంటూ తన క్లబ్బుల మైదానాలను వారికి మూసేసింది. ఆ నిషేధం సుమారు యాభై ఏళ్ళు సాగింది.

స్త్రీలు ఊరుకోలేదు. 1969లో సొంత సంఘం పెట్టుకున్నారు. 1970-71లో, ఓడిన జట్టు ఇంటికి వెళ్ళే పద్ధతిలో, తమ కప్పు పోటీలు తామే నడుపుకున్నారు. 1971 మే 9న జరిగిన ఫైనల్లో సౌతాంప్టన్ 4-1తో స్టూవర్టన్ థిసిల్‌పై గెలిచింది.

మైదానం దక్కింది, వాటా దక్కలేదు. 2022లో ఆ కప్పు ఫైనల్ గెలిచిన స్త్రీల జట్టుకు 25 వేల పౌండ్లు ఇస్తే, పురుషుల జట్టుకు 18 లక్షల పౌండ్లు ఇచ్చారు.

గేటు తెరిచారు కదా అని సరిపెట్టుకోవద్దు. లోపల ఎవరికెంత ఇస్తున్నారో కూడా అడుగుదాం.