మధుమేహము - క్లోమ గ్రంథి హెచ్చరిక
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవానికి బండ్రి చేరిన పూర్వ విద్యార్థులలో యాభై దాటినవారు అనేకులు. ఆ వయస్సువారు, వారి బిడ్డలు తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది.

జీర్ణాశయం వెనుక ఒదిగి ఉండే క్లోమ గ్రంథికి రెండు పనులు: ఆహారాన్ని జీర్ణంచేసే రసాన్ని పేగులోకి పంపడం, రక్తంలోని చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్‌ను తయారుచేయడం. అందువల్లనే మధుమేహానికి, క్లోమ క్యాన్సర్‌కు గల సంబంధం రెండు వైపులా నడుస్తుంది.

చిరకాలంగా మధుమేహం ఉన్నవారికి ఈ క్యాన్సర్ ముప్పు ఇతరులకంటే సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఎక్కువ. అయితే ఈ వ్యాధియే అరుదు గనుక భయపడనక్కరలేదు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కేరళలో, క్లోమంలో రాళ్ళు ఏర్పడి మధుమేహానికి దారితీసే వ్యాధి ఒకటి ఉన్నది. ఆ రోగులకు మాత్రం ముప్పు చాలా ఎక్కువ. ఆ వ్యాధికి ఒక జన్యువులోని మార్పులతో సంబంధం ఉన్నదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు 2002లో చూపారు.

రెండవ వైపు మరింత గమనింపదగినది. కంటికి కనబడని క్యాన్సరే మొదట మధుమేహ రూపంలో బయటపడవచ్చు. అమెరికాలోని రోచెస్టర్‌లో యాభై ఏళ్ళు నిండాక కొత్తగా మధుమేహం వచ్చిన 2,122 మందిని డాక్టర్ సురేశ్ చారి బృందం పరిశీలించింది. మూడేళ్ళలోపల 18 మందికి, అనగా సుమారు 120 మందిలో ఒకరికి, క్లోమ క్యాన్సర్ బయటపడినట్లు 2005లో ప్రకటించింది.

ఆ ఒక్కరిని గుర్తించడమెట్లు? సాధారణంగా ఈ వయస్సులో మధుమేహం బరువు పెరిగినవారికి వస్తుంది. వంశంలో లేని మధుమేహం యాభై దాటాక హఠాత్తుగా వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, "చక్కెర వచ్చింది, అందుకే చిక్కినాడు" అని సరిపెట్టుకోరాదు. ఏళ్ళ తరబడి అదుపులో ఉన్న చక్కెర అకారణంగా అదుపు తప్పినా, పొట్ట పైభాగాన నొప్పి వీపులోకి పాకినా, ఆకలి మందగించినా వైద్యునికి చెప్పాలి. నొప్పిలేని కామెర్లకు పసరు మింగి రోజులు గడపడం ప్రమాదకరం. అనుమానముంటే వైద్యుడు స్కానింగు చేయిస్తాడు. వ్యాధి వ్యాపింపకముందు తెలిస్తేనే శస్త్రచికిత్సకు అవకాశం. ఎక్కువమంది ఆ దశ దాటాకే ఆసుపత్రికి చేరుతున్నారు.

బీడీ, సిగరెట్టు మానడం, బరువును అదుపులో ఉంచుకోవడం ముప్పును తగ్గిస్తాయి.

ఈ బడిలో లెక్కలు నేర్చిన బిడ్డ ఇంటిలోని పెద్దల బరువును, చక్కెర అంకెలను తేదీలతో ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టగలడు. తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా, ఆ పుస్తకం చూపితే వైద్యునికి విషయం బోధపడుతుంది. చదువు ఇంటికి చేసే మేలు అదియే.