చుక్కాని ఎవరి చేతిలో?

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబంలో నిర్ణయాధికారం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం మన సభల్లో చాలాసార్లు చర్చించాం. ఇవాళ కొంచెం దూరం నుంచి మొదలుపెడతాను. నేలమీద కాదు, సముద్రం మీద చేసే కాపురం గురించి చెబుతాను.

ఇల్లూ సామానూ అమ్మేసి, ఆ డబ్బుతో తెరచాప పడవ కొనుక్కుని, అందులోనే కాపురం పెట్టి దేశాలు తిరిగే భార్యాభర్తలు అమెరికా, ఇంగ్లండు, న్యూజిలాండు వంటి దేశాల్లో ఉన్నారు. వాళ్లలో పేరున్న లిన్, లారీ పార్డీ దంపతులు 1968లో నీళ్లలోకి దించిన పడవ పొడవు 24 అడుగులే. దానికి ఇంజను కూడా లేదు.

వినగానే మనకేమనిపిస్తుంది? అత్తమామలు లేరు, ఇరుగుపొరుగు లేరు, ఆరాలు తీసే ఊరు లేదు. ఉన్నది ఇద్దరే. అక్కడైనా సమానత్వం దానంతటదే వచ్చేస్తుందనిపిస్తుంది. రాదు. ఆ పడవలవాళ్లలోనే ఒక మాట వాడుకలో ఉంది: గులాబీరంగు పనులు, నీలంరంగు పనులు అని. వంట, బట్టలు, సర్దుడు గులాబీరంగు పనులు. ఇంజను, మ్యాపులు, రేడియో, లంగరు నీలంరంగు పనులు. ఏవి ఎవరివో నేను చెప్పక్కర్లేదు. అందరూ ఇలాగే ఉంటారని కాదు. కానీ చాలామంది నేలను వదిలారు గాని, నేలమీది శ్రమ విభజనను పడవలోకి ఎక్కించుకునే బయల్దేరారు.

నేలమీద ఈ విభజన అన్యాయం. సముద్రం మీద ప్రాణాంతకం. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు నిద్రపోతే ఇంకొకరు కాపలా ఉండాలి. రాత్రివేళ భర్త కాలుజారి నీళ్లలో పడ్డాడనుకోండి. గంటకు 5 నాటికల్ మైళ్ల వేగంతో పోయే పడవ ఒక్క నిమిషంలో 150 మీటర్లు దాటిపోతుంది. అలల మధ్య మనిషి తల కనిపించదు. తెరచాప దించడం, పడవను వెనక్కి తిప్పడం, రేడియోలో 16వ ఛానెల్‌లో ‘మేడే’ అని మూడుసార్లు పిలిచి తామున్న చోటు చెప్పడం ఆమెకు వచ్చి ఉండాలి. రాకపోతే అతన్ని కాపాడలేదు, తనూ ఒడ్డు చేరలేదు.

ఆన్ డేవిసన్ అనే ఇంగ్లండు స్త్రీ సంగతి చూడండి. ఆమె పెళ్లికి ముందే విమానం నడిపిన పైలట్. భర్త ఫ్రాంక్‌కు చిన్న విమానాశ్రయం ఉండేది. 1939లో పెళ్లయింది. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ వ్యాపారం పోయింది. స్కాట్లండులో ఒక సరస్సు మధ్య లంకలో కొన్నాళ్లు వ్యవసాయం చేశారు. తర్వాత ‘రిలయన్స్’ అనే 70 అడుగుల పాత చేపల ఓడ కొన్నారు, అందులో లోకం చూద్దామని. మరమ్మతుల ఖర్చు పెరిగింది, అప్పులు మీదపడ్డాయి. ఓడ చెయ్యిజారిపోతుందన్న భయంతో, పని పూర్తికాకుండానే 1949లో బయల్దేరారు. తుఫానుల్లో చిక్కుకుని, నిద్రాహారాలు లేక అలసిపోయారు. దాదాపు మూడు వారాలకు ఆ ఓడ ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్‌లాండ్ బిల్ దగ్గర రాళ్లకు కొట్టుకుంది. ఇద్దరూ చిన్న తెప్పమీదికి దిగారు. ఫ్రాంక్ ఆ నీళ్లలోనే చనిపోయాడు. ఆన్ ఒక్కతే ఒడ్డుకు చేరి, కొండచరియ ఎక్కి బతికింది.

భర్త పోయిన స్త్రీని లోకం ఒక మూల కూర్చోమంటుంది. ఆమె కూర్చోలేదు. పడవల యార్డులో పనికి చేరి, పడవ నడపడం నేర్చుకుంది. 23 అడుగుల ‘ఫెలిసిటీ ఆన్’ అనే పడవలో 1952 మే 18న ప్లిమత్ రేవు నుంచి ఒంటరిగా బయల్దేరింది. నవంబరు 20న కానరీ దీవులు వదిలి, 65 రోజులు నడిసముద్రంలో గడిపి, 1953 జనవరిలో కరీబియన్‌లోని డొమినికా దీవి చేరింది. అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా తెరచాప పడవలో దాటిన మొదటి స్త్రీ ఆమే.

దీన్ని ఒట్టి సాహసగాథగా వినవద్దని నా మనవి. విమానం నడిపిన స్త్రీ కూడా పడవ విద్యను విడిగా నేర్చుకోవలసి వచ్చింది. అంటే ధైర్యమొక్కటే చాలదు, పని చేతికి రావాలి. ఆ నేర్పు స్త్రీలకు రానిదేమీ కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి నౌకాదళానికి చెందిన ‘తారిణి’ పడవలో ఆరుగురు స్త్రీ అధికారులే భూమి చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చారు. వాళ్లలో ఇద్దరు, పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, మన తెలుగువాళ్లు.

‘ఇవన్నీ నేర్చుకోవడమంటే భర్తమీద నమ్మకం లేకపోవడమేనా?’ అని అడుగుతారు. కాదు. నమ్మకం వేరు, ఆధారపడటం వేరు. చుక్కాని పట్టడం ఇద్దరికీ వచ్చిన పడవలో ఇద్దరూ నిశ్చింతగా నిద్రపోతారు.

ఇక మన ఇళ్లకు వద్దాం. ‘మేమిద్దరం కలిసే నిర్ణయించుకున్నాం’ అని మన దగ్గరికొచ్చే స్త్రీలు అంటుంటారు. ఇల్లు అమ్మడం, అప్పు తేవడం, ఊరు మారడం, అన్నీ కలిసే. కాగితాలు చూస్తే ఆమె పేరు ఉండదు. పెళ్లయ్యాక భర్త తన పేరుమీద కొన్న ఆస్తిలో భార్యకు దానంతటదే యాజమాన్యపు వాటా ఇచ్చే చట్టం, గోవా వంటి చోట్ల తప్ప, మన దేశంలో లేదు. 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భార్య ఇంటి చాకిరీ కూడా ఆస్తి సంపాదనకు తోడ్పడిందేనని గుర్తించి ఆమెకు వాటా ఉందన్నది. ఇది మంచి అడుగు. కానీ అది ఒక కేసులో వచ్చిన తీర్పు, అందరికీ వర్తించే చట్టం కాదు.

కాబట్టి మీ సంఘాల సమావేశాల్లో ప్రతి స్త్రీనీ మూడు ప్రశ్నలు అడగండి. ఇల్లు, పొలం ఎవరి పేరున ఉన్నాయి? ఇంటిమీద అప్పెంత, ఎవరికి బాకీ? రేపు ఆయన మంచాన పడితే బ్యాంకు పని, మోటారు పని, కోర్టు పని నీకు వచ్చా? జవాబు తెలియని ప్రశ్న దగ్గర ఆగి, ఆ వారమే ఆ పని నేర్పండి. కలిసి బతకడం మంచిదే. కానీ ఒకరు నడుపుతుంటే ఇంకొకరు కూర్చుని ఉండటాన్ని కలిసి బతకడం అనకూడదు.