పరిటాల నేర్పు పాఠము

(కంచికచర్ల సభలో గావించిన ఉపన్యాసము)



మన యూరినుండి బెజవాడకు పోవు రాచబాటలో పరిటాల మీదుగా మనమెన్ని పర్యాయములు పోయితిమో లెక్కలేదు. ఆ గ్రామము ఒకనాడు మనకు పరరాజ్యమై యుండెనని నేటి యువకులలో ఎందఱెఱుగుదురు?

1766వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీకిని నిజాం ఆలీకిని ఉత్తర సర్కారులను గుఱించి సంధి జరిగెను. సర్కారులు కంపెనీ పాలయ్యెను. వజ్రపు గనులను, వానికి చేరిన గ్రామములను మాత్రము నిజాము తనకే యుంచుకొనెను. చుట్టును ఇంగ్లీషువారి సీమ, నడుమ నైజాము దీవి! నేను న్యాయవాదిని, దస్తావేజులు చదువుట నా వృత్తి. ఆ సంధిలో కక్షులు ఇరువురే. నేల దున్నిన కాపుల సమ్మతి నెవ్వరును కోరలేదు.

1947 ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్యము వచ్చెను. నిజాము యూనియనులో చేరకుండుటచే పరిటాలకు రాలేదు. అంతట ఆ ప్రజలే లేచి నిజాము అధికారమును త్రోసివేసి, తమ గ్రామములను రిపబ్లిక్కుగా ప్రకటించుకొనిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు లొంగెను. పిదప ఆ గ్రామములు కృష్ణా జిల్లాలో కలిసెను. గమనింపుడు! వారు నిజామునుండి విడివడినది ఒంటరిగా నుండుటకు గాదు, మనతో కూడుటకు.

అమెరికా చరిత్రయు ఇట్టిదే. తమ ప్రతినిధి యొక్కడును లేని పార్లమెంటు తమపై పన్నులు వేయరాదని 13 వలసలవారు ఎదురు తిరిగిరి. 1776 జూలైలో స్వాతంత్ర్యమును చాటిరి; 1783లో పారిస్ సంధిచే బ్రిటను దానిని అంగీకరించెను. అయినను వారింకను ఒక జాతి కాలేదు. వారి కాంగ్రెసునకు పన్ను విధించు అధికారమే లేకుండెను. పోరాడిన సిపాయిలకు జీతములు బకాయి పడెను. 1787లో ఫిలడెల్ఫియాలో కూడి రాజ్యాంగమును వ్రాసికొన్న పిదపనే ఐక్యత కుదిరెను. అప్పటికిని బానిసలు బానిసలుగానే యుండిరి. ఆ సంకెల తెగుటకు అంతర్యుద్ధము జరుగవలసి వచ్చెను. 1865వ సంవత్సరము రావలసి వచ్చెను.

ఇతరుల తప్పులు లెక్కించుట సులభము. స్వాతంత్ర్యము వచ్చిన 21 ఏండ్లకు, 1968లో, ఇదే కంచికచర్లలో ఒక దళిత యువకుని కట్టివేసి సజీవముగా తగులబెట్టిరి. అప్పటికి మన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించి 18 ఏండ్లు గడచినవి. నేను సేవకుడనై పల్లెలు తిరుగునపుడు పరిటాల కథ చెప్పినచో జనులు చప్పట్లు కొట్టుదురు. ఈ కథ యెత్తినచో తలలు వంచుకొందురు. కాని యీ రెండు కథలును మనవే. మొదటిదానిని బిడ్డలకు చెప్పి రెండవదానిని దాచుట సత్యము కాదు.

డిక్రీ వచ్చినదని సంబరపడు కక్షిదారునితో నేనెప్పుడును ఒక మాట చెప్పుదును: "నాయనా, అమలు దావా యింకను మిగిలియున్నది." 1947లో మనకు వచ్చినది డిక్రీ. తోడి మనుష్యుని తనతో సమానునిగా జూచుట దాని అమలు. పరిటాల ప్రజలు సంధిపత్రములో గీసిన ఎల్లను చెఱిపివేసిరి. ఊరికిని వాడకును నడుమ మనము గీసికొన్న ఎల్లను చెఱుపుటకు ఏ సైన్యమును రాదు. ఆ పని మనదే.

వందేమాతరము!