గడ్డకట్టిన చెరువు మీద కాలు పెట్టకండి
(బర్ దుబాయ్‌లో మన గ్రూప్ మీటింగ్‌లో చెప్పిన మాటలు. రానివాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం.)

దుబాయ్‌లో కూర్చోబెట్టి మంచు గురించి చెప్తున్నడేందని నవ్వకండి. ఇక్కడి పని అయిపోయాక పోలండ్, రొమేనియా, రష్యా పోదామని చూసేవాళ్లు మనలోనే ఉన్నారు. ఏజెంటు జీతం చెప్తడు, ఓవర్‌టైం చెప్తడు. చలి సంగతి చెప్పడు.

2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో ముగ్గురు తెలుగువాళ్లు ఇట్లనే పోయారు. అరిజోనా అంటే ఇక్కడిలాగే ఎండలకు, ఎడారికి పేరు. కానీ అక్కడ కొండల మీద, సుమారు 7,500 అడుగుల ఎత్తులో వుడ్స్ కాన్యన్ అనే చెరువు ఉంది. చలికాలంలో గడ్డకడుతుంది. దాని మీద నడుస్తుంటే గడ్డ విరిగింది. ఒకరిని అప్పుడే బయటికి తీసినా బతికించలేకపోయారు. మిగతా ఇద్దరు మర్నాడు శవాలై దొరికారు.

గడ్డ అంతటా ఒకే మందం ఉండదు. ఒడ్డున గట్టిగా ఉండి, పది అడుగులు పోయేసరికి పలచబడొచ్చు. వాగు వచ్చి కలిసే చోట మరీ పలచన. పైన మంచు పడితే దుప్పటి కప్పినట్టే: గడ్డ తొందరగా మందం కాదు, పగుళ్లు కనబడవు. మనిషి నడవాలంటే కనీసం 10 సెంటీమీటర్ల గట్టి గడ్డ ఉండాలంటారు. తెల్లగా కనిపించే గడ్డయితే దానికి రెట్టింపు. మనకు కొలవడం రాదు కాబట్టి ఎక్కకపోవడమే.

"నాకు ఈతొస్తది" అంటారు. బావిల దూకి నేర్చుకున్న ఈత అక్కడ పనికిరాదు. ఆ నీళ్లు తగలగానే ఊపిరి ఎగపీలుస్తాం, ఆ గుక్కలో నీళ్లు లోపలికి పోతే అంతే. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత 10 నిమిషాల దాకే కాళ్లూ చేతులూ మన మాట వింటయి. వచ్చిన వైపే తిరగండి, అక్కడి గడ్డ మిమ్మల్ని అంతదాకా మోసింది కదా. మోచేతులు గడ్డ మీద పెట్టి, కాళ్లు తన్నుతూ బోర్లా పాకాలి. పైకొచ్చాక నిలబడొద్దు, దొర్లుకుంటూ రావాలి.

దోస్తు పడ్డడని ఉరికితే ఇద్దరూ పోతారు. ఒడ్డు మీదనే ఉండి తాడో, కొమ్మో, జాకెట్టో విసరండి. 112కు ఫోన్ చేయండి, నేను చెప్పిన మూడు దేశాల్లోనూ అదే నంబరు. బయటపడ్డాక తడిబట్టలు విప్పి పొడి దుప్పట్లు చుట్టండి. వేడి పుడుతుందని మందు మాత్రం తాగించకండి, దాంతో ఒంట్లో ఉన్న వేడి కూడా పోతుంది.