రొమ్ము క్యాన్సరు - జన్యుచికిత్స



మన పెద్దలు రాచపుండని భయపడిన వ్యాధినే నేడు క్యాన్సరనుచున్నాము. జీవకణము ఎట్లు పెరుగవలెనో నిర్ణయించునవి జన్యువులు. అవి చెడినచో కణము అదుపుతప్పి పెరిగి గడ్డ యగును. చెడిన జన్యువునకు మారుగా మంచిదానిని కణములోనికి పంపుట, లేదా రోగకణమును చంపునట్టి జన్యువును చేర్చుట జన్యుచికిత్స.

2024వ సంవత్సరమున మన రాష్ట్రపతి బొంబాయిలో ఇట్టి చికిత్స నొకదానిని ప్రారంభించిరి. రోగి తెల్ల రక్తకణములలో క్రొత్త జన్యువును చేర్చి, వానిని తిరిగి ఆ రోగికే ఎక్కింతురు. అయితే అది కొన్ని రక్తక్యాన్సర్లకే. రొమ్ము క్యాన్సరునకు జన్యుచికిత్స ఇంకను ప్రయోగదశయందే కలదు.

కావున దానికై వేచియుండుట తగదు. శస్త్రచికిత్స, కిరణచికిత్స, ఔషధములు నేడే కలవు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము నుండి వచ్చిన మెథోట్రెక్సేటు సైతము ఈ వ్యాధికి వాడబడినది.

గడ్డ తొలిదశయందు తరచుగా నొప్పి పుట్టింపదు. నొప్పి లేదని యూరకుండుట, సిగ్గుచే దాచుట ప్రాణహానికి త్రోవ. వెంటనే దగ్గరి వైద్యునికి చూపుడు. అవసరమైనచో ఎల్లారెడ్డివారు సైతము కామారెడ్డికి వచ్చి, రైలెక్కి, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రికి చేరవచ్చును. ఈ గ్రంథాలయమున చదివినవారు ఇంటికేగి తల్లికి, భార్యకు, అక్కచెల్లెండ్రకు ఈ సంగతి చెప్పుడు.