దెయ్యాన్ని వినండి

దెయ్యాల సినిమాలు చూస్తూ, దెయ్యాల నవలలు చదువుతూ పెరిగినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, పైకి చెప్పుకోరు గాని. నేను చెప్పుకుంటాను. ఈ ప్రసంగం ఆ సినిమాలనూ పుస్తకాలనూ వెనకేసుకురావడానికే. నా వాదన ఒక్కటే. భయానకాన్ని మనం కళ్లతో చూసే వినోదంగా లెక్కగట్టుకుని అందులో సగం పోగొట్టుకుంటున్నాం. అది మొదటినుంచీ చెవికి చెందిన కళ. రుజువు కావాలంటే ఏ సినిమా హాల్లోనైనా తెరను వదిలేసి ప్రేక్షకులను గమనించండి. భయం ముదిరే చోట జనం కళ్లు మూసుకుంటారు, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటారు. కళ్లు మూసుకున్నాక భయం తగ్గుతుందా అంటే, పెరుగుతుంది. తెర మీది బొమ్మకు ఒక హద్దుంది, మూసిన కళ్ల వెనక మనం గీసుకునే బొమ్మకు అది లేదు. అదే సీనును టీవీలో శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. రంగు పూసుకున్న నటుడొకడు నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాడు, అంతే. దెయ్యాల గురించి రేడియోలో ఏం మాట్లాడతారని అడిగేవారికి నా జవాబు, మాట్లాడవలసిన చోటే ఇదని.

ఇవాళ మిమ్మల్ని ప్రత్యేకంగా వినమని అడిగేది ఒక్క గొంతు. 2009 సంక్రాంతి రోజుల్లో వచ్చిన ‘అరుంధతి’ సినిమాలో దెయ్యమై తిరిగొచ్చే పశుపతి గొంతు. తెర మీద కనిపించేది సోనూ సూద్. పంజాబ్ మనిషి, తెలుగు ఆయన భాష కాదు. వినిపించేది పి. రవిశంకర్. ఈయన నటుడు సాయికుమార్ తమ్ముడు, పి.జె. శర్మ గారి కొడుకు. శర్మగారిది మన విజయనగరం ప్రాంతమే. తండ్రీ కొడుకులు ముగ్గురూ పరాయి పెదవులకు గొంతు అరువిచ్చి బతికిన ఇల్లు అది. పశుపతి ‘బొమ్మాళీ’ అని పిలిచే తీరును ఆ రోజుల్లో పిల్లలు కూడా అనుకరించారు. అయితే అందరూ అనుకరించింది అరుపును. అరవడం ఎవరైనా అరుస్తారు. వినవలసింది ఆ పిలుపు తోకను. చివరి అక్షరాన్ని సాగదీస్తూ గొంతు కిందికి దిగుతుంది, గరగరలాడుతుంది, ఇంకా కొంత ఊపిరి మిగుల్చుకున్నట్టు ఆగుతుంది. పిలుపు పూర్తికాలేదేమో, మిగతాది ఎక్కడినుంచి వస్తుందో అన్న అనుమానం ఆ సందులో పుడుతుంది. కోపంలో లాలన, లాలనలో కోపం కలిపి పలకడం ఇంకో విద్య. ప్రేమించినవాడి నోట వచ్చినట్టుండే మాటలు చంపబోయేవాడి నోట వస్తున్నాయి. రెంటినీ ఒకే శ్వాసలో ఉంచడానికి అరుపు పనికిరాదు, స్థాయి తగ్గించాలి. రవిశంకర్ ఎక్కడ తగ్గించారో చెవిపెట్టి వింటే గాని తెలియదు.

ఆ కథ రాసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. కథానాయిక జేజమ్మ పశుపతిని లొంగదీసినప్పుడు వాడి నాలుక కోస్తుంది, మంత్రం నోట పలకకుండా. వాడి బలం కండల్లో లేదు, నోట్లో ఉందన్నమాట. సమాధి చేసేశాక, తరాలు దాటి వాడు తిరిగొచ్చేది మళ్లీ గొంతుగానే. నాలుక తెగినవాడు ఇంత గడగడా ఎలా మాట్లాడుతున్నాడని హాల్లో ఎవరికీ తట్టలేదు. తట్టనివ్వకపోవడమే రవిశంకర్ ఘనత. ఆ పనికి ఆయనకు నంది అవార్డు కూడా వచ్చింది.

ఇక్కడ ఎదురుమాట ఒకటుంది. ‘అరుంధతి’ని నిలబెట్టింది గ్రాఫిక్స్, అనుష్క రూపం, కోడి రామకృష్ణ చేయి అని. 1995లో ‘అమ్మోరు’ తీసిన దర్శకుడు గదా, రెండిటికీ నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డే గదా అంటారు. ఆ మాటలో నిజముంది, అనుష్క లేకపోతే ఆ సినిమా లేదు. కాని గ్రాఫిక్స్‌కు వయసు తొందరగా మీదపడుతుంది. ‘అమ్మోరు’లో ఆనాడు నోరెళ్లబెట్టి చూసిన తంత్రాలకు ఇప్పటి పిల్లలు నవ్వుతారు. పశుపతి గొంతుకు నవ్వరు. పాడుబడ్డ కట్టడాల సంగతీ ఇంతే. ఆ సినిమా తీసిన బనగానపల్లె నవాబుల బంగ్లాను జనం ఇప్పుడు అరుంధతి బంగ్లా అనే పిలుస్తున్నారు. గోడలు అంతకుముందూ ఉన్నాయి, వాటికి మాట వచ్చింది ఆ సినిమాతో. శిథిలాలే భయపెట్టగలిగితే మన విజయనగరం దగ్గరి రామతీర్థం ఎప్పుడో పేరుమోసేది. అక్కడి గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల ఇటుకలున్నాయి, దుర్గకొండ రాతిచరియల్లో జైన విగ్రహాలున్నాయి. వాటిని చూసి ఎవరూ జడుసుకోరు, జడుసుకోవలసిన పనీ లేదు.

గొంతుకు ఎదురుగా మౌనాన్ని పెట్టి భయపెట్టిన సినిమా రాంగోపాల్ వర్మ ‘రాత్రి’. 1992లో వచ్చింది. రేవతి నటించింది, ఛాయాగ్రహణం తర్వాత దర్శకుడైన తేజ. పాటలు లేవు. నేపథ్య సంగీతం మణిశర్మది, ఆయన పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. కారు కింద పడి చచ్చిన పిల్లిపిల్లను పెరట్లో పాతిపెడతారు, అది మళ్లీ ఇంట్లోకి వస్తుంది. పిల్లిని చూసి భయపడే వయసు మనలో చాలామందికి దాటిపోయింది. అయినా భయపడ్డాం. ఎందుకంటే అది రాకముందు ఇంట్లో ఉన్న నిశ్శబ్దం మామూలు ఇంటి నిశ్శబ్దం కాదని సంగీతం మన చెవిలో వేసింది. వర్మ తర్వాత తీసిన దెయ్యాల సినిమాల్లో ఈ ఓపిక లేదు. తలుపు ధడాలుమంటే మనిషి ఉలిక్కిపడతాడు, కాని ఉలికిపాటు వేరు, భయం వేరు.

పుస్తకానికి శబ్దం ఎక్కడిదని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. జవాబు చందమామ పత్రికలోని బేతాళ కథల్లో ఉంది. ముందు ఒక పోలిక. అమెరికాలో 1954లో లాస్ ఏంజెలిస్ టీవీలో మైలా నూర్మి అనే నటి వాంపైరా వేషం కట్టి, అర్ధరాత్రి వేళ పాత భయానక చిత్రాలకు ముందుమాటలు చెప్పేది. ఆ దేశంలో అలాంటి వ్యాఖ్యాతల పరంపరే నడిచింది. మన టీవీలో ‘అన్వేషిత’లాంటి సీరియళ్లు వచ్చాయి గాని ఈ రకం వ్యాఖ్యాత స్థిరపడలేదు. లోటనిపించలేదు, ఎందుకంటే మనకు బేతాళుడు ఉన్నాడు. శ్మశానం, చెట్టు, భుజాన శవం, ఆ శవం నోట కథ. చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మ అందరికీ గుర్తే. ఆ కథల కట్టుబాటు మాత్రం మరిచిపోతాం. రాజు మాట్లాడకూడదు, శవం మాట్లాడుతుంది. రాజు నోరు విప్పిన క్షణాన చేసిన ప్రయాణమంతా వృథా. పాతిక కథల ఆ పాత సంపుటాన్ని చందమామ దశాబ్దాల పాటు సాగదీయగలిగిందంటే, ప్రతి నెలా మౌనం, మాట అనే ఆ రెండింటి తగువు తాజాగా ఉండబట్టే. యండమూరి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో కూడా, వారం వారం కథ ఆగిపోయే చోటే దాని బలం. అచ్చు ఆగిపోయాక పాఠకుడి చెవిలో మిగిలేది మరుసటి వారం దాకా పని చేసింది.

‘తులసిదళం’ పేరెత్తాక అసలు అభ్యంతరాన్ని తప్పించుకోలేను. రచయిత్రి రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. ఇలాంటి రాతలు మూఢనమ్మకాన్ని పెంచుతాయన్నది ఆ విమర్శ. మన జిల్లాలవాళ్లం దాన్ని తేలిగ్గా తోసేయలేం. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ గ్రామాలనుంచి వచ్చాయి. అందుచేత నేను ఒక గీత గీసుకుంటాను. శ్రోతను అతని భయంతో ఒంటరిగా వదిలే కథ ఒకటి, ఆ భయానికి పక్కింటి మనిషిని చూపించి వీడే అనే కథ ఒకటి. మొదటిది కళ. రెండోది చాడీ. ‘తులసిదళం’లో వైద్యం ఒకవైపు, మంత్రం ఒకవైపు లాగుతున్నంతసేపూ మొదటి రకం. చేతబడి చేసినవాణ్ణి వేటాడటం మొదలయ్యాక రంగనాయకమ్మగారి మాటకు బలమొస్తుంది. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ ఊరి మూక చేసిన హత్యతో మొదలవుతుంది. భయపడిన గుంపు కంటే భయంకరమైంది లేదని చెప్పబోతోందని ఆశపడతాం. తీరా చివరికి మంత్రమే నిజమని తేల్చి, మూక చేతికి మళ్లీ సాకు ఇస్తుంది. బాగా తీసిన సినిమా, అందుకే ఎక్కువ బాధ. ఇక దెయ్యాన్ని నవ్వులాటకు వాడుకున్న ‘ప్రేమకథా చిత్రమ్’, ‘ఆనందో బ్రహ్మ’ లాంటివి ఈ నేరం చెయ్యవు, వాటి దారి వేరు.

భయాన్ని ఇంకెవరి మీదా రుద్దకుండా వినిపించే విద్య మన పల్లెల్లో ఉండేది. విజయనగరం, శ్రీకాకుళం వైపు గ్రామదేవత పండగల్లో జముకుల కథ విన్నవాళ్లకు తెలుస్తుంది. జముకు తోలు మధ్యనుంచి వచ్చే నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే, ఆ నాదం పైకి లేచి, మెలికపడి, కిందికి జారుతుంది. మనిషి గొంతుకు అంత దగ్గరగా వచ్చి, మనిషిది కాకుండా మిగిలిపోయే వాద్యం అరుదు. కీబోర్డు మీద ఒకే స్వరాన్ని నొక్కిపట్టి భయం పుట్టించబోయే సంగీత దర్శకులు ఒక రాత్రి ఆ కథ ముందు కూర్చుంటే బాగుండును.

అంతవరకూ మన వంతు మనం చెయ్యాలి, చెయ్యడం లేదు. లైట్లన్నీ వేసుకుని, చేతిలో ఫోను పెట్టుకుని, ఆ ఫోనులోంచే గీరగీరమనే చిన్న స్పీకరులో సినిమా పెట్టుకుని, మధ్యలో ముందుకు జరుపుకుని, ఏముంది దీంట్లో భయపడడానికి అంటే ఎలా? ‘రాత్రి’లో మణిశర్మ కట్టిన నిశ్శబ్దం ఫ్యాను చప్పుడులో కలిసిపోతే తప్పు ఆయనది కాదు. ఈసారి టీవీలో ‘అరుంధతి’ వేసినప్పుడు పశుపతి వచ్చే ఒక్క సీను తెరకు వీపు పెట్టి కూర్చుని వినండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. సినిమా అయ్యాక వచ్చే పేర్లలో డబ్బింగ్ కళాకారులవి చిన్న అక్షరాల్లో చరచరా జారిపోతాయి, అవి వెళ్లేదాకా ఛానల్ మార్చకండి.