కాలేజీ ఊళ్లో మలివయసు: అయోవా సిటీ, మన రాజమండ్రి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నయాగరా గురించి ఇదివరకే ముగ్గురు చెప్పారు కనుక దాని జోలికి పోను. మావాడు ఉండే అయోవా సిటీలో మన వయసువాళ్ల బతుకు ఎలా ఉంటుందన్న ఒక్క సంగతే చెబుతాను. “నాన్నగారూ, ఇల్లు అమ్మేసి వచ్చేయండి” అన్న మాట మనలో చాలామంది ఫోనులో వింటున్నదే. అందుచేత ఇది కాలక్షేపం విషయం కాదండి.

మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఊరది. 2020 లెక్కల్లో జనాభా సుమారు 75 వేలు. విశ్వవిద్యాలయమే ఊరికి అన్నం పెడుతుంది. అది పుట్టినది 1847లో. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టిన సంవత్సరమూ అదే.

నాకు మొదట నచ్చినది బస్సు. విశ్వవిద్యాలయం వారి ‘కేంబస్’ 1972 నుంచి నడుస్తోంది. టిక్కెట్టు లేదు, ఎవరైనా ఎక్కవచ్చు, తోలేవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలే. 2023 ఆగస్టులో సిటీ బస్సులకు కూడా టిక్కెట్టు తీసేశారు. కర్రతో నిలబడ్డ ముసలివారిని చూస్తే డ్రైవరు బస్సు ముందు భాగాన్ని కిందికి వంచుతాడు. మోకాళ్ల నొప్పులున్న వారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఎవరి ఇంటి ముందు కాలిబాట మీద మంచును వారే తీయాలన్నది అక్కడి నిబంధన. లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చున్నా ఎందుకొచ్చావని అడిగేవారు లేరు.

ఆ ఊరికీ నది ఉంది, వరదా ఉంది. 2008 జూన్‌లో నీరు 31.5 అడుగులకు చేరి, విశ్వవిద్యాలయం భవనాలు ఇరవైకి పైగా మునిగాయి. అంతకుముందే విద్యార్థులూ ఊరివాళ్లూ వరుసగా నిలబడి, లైబ్రరీ నేలమాళిగలోని పుస్తకాలను చేతులు మార్చుకుంటూ పైకి చేరవేశారట. 1986 ఆగస్టు చూసిన మనకు ఆ కంగారు వేరే వర్ణించాలా? ధవళేశ్వరంలో 17.75 అడుగులంటే మూడో ప్రమాద హెచ్చరిక అని మన మనవలకు కూడా తెలుసు.

ఇక రెండో వైపు. వేసవికి ఒకసారి, చలికాలానికి ఒకసారి వెళ్లాం. జనవరిలో కిటికీయే ప్రపంచం. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే సాయంత్రం దాకా ఆవిడా నేనూ, గోడ గడియారమూ. ఎవరూ అమర్యాద చేయలేదు, అందరూ నవ్వుతూ పలకరించారు. కాని పేరు పెట్టి పిలిచినవారు నాలుగు నెలల్లో ఇద్దరే. వైద్యం సంగతి మరీ ముఖ్యం. చుట్టపుచూపుగా వెళ్లినవారికి అక్కడి మెడికేర్ వర్తించదు. గ్రీన్ కార్డు వచ్చినా అయిదేళ్లు వరుసగా అక్కడ ఉంటేనే ప్రీమియం కట్టి చేరే వీలు. ఇల్లు అమ్ముకునే ముందు ఈ అయిదేళ్ల లెక్క పిల్లల్ని అడగండి.

మనదీ కాలేజీ ఊరే కదండీ! ఆర్ట్స్ కళాశాల 1853 నాటిది. దామెర్ల రామారావుగారి చేతిలోని బొమ్మను గుర్తించిన కూల్డ్రే దొర అక్కడి ప్రిన్సిపాలే. గౌతమీ గ్రంథాలయం చరిత్ర 1898 దాకా వెళుతుంది. 2006లో నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. పొద్దున్నే గోదావరి గట్టున నడిస్తే పదిమంది పేరు పెట్టి పలకరిస్తారు, ఒకరోజు రాకపోతే ఇంటికొచ్చి వాకబు చేస్తారు. ఇది ఏ బడ్జెట్టుతోనూ కొనలేరు. అయితే ఆ గట్టు చేరడమే గండం. కాలిబాట మీద మోటారు సైకిళ్లు, దుకాణం సామాన్లు. మనం రోడ్డు మీద, మన వెనక ఆటోలు. కిందటేడు మన సభ్యులొకరు పడి తుంటి ఎముక విరిగి ఆర్నెల్లు మంచంలో ఉన్నారు.

మావాడికి చెప్పేశాను: ఏప్రిల్‌లో వస్తాం, సెప్టెంబరులో తిరిగొస్తాం, ఇల్లు అమ్మను. ఒంట్లో బాగోనప్పుడు ఎవరు చూస్తారని కోడలు అడిగింది. దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఎదురింటివారున్నారు, మీరున్నారు. మిగతా సగం కోసం, ఒంటరిగా ఉన్న సభ్యులకు వారానికి రెండుసార్లు ఫోను చేసే ఏర్పాటు సంఘం మొదలుపెట్టాలని కోరుతున్నాను. కాలిబాటలు ఖాళీ చేయించమని కమిషనరుగారికి రాసిన అర్జీ సహాయ కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. టీకి లేచేముందు అందరూ సంతకం చేయండి. కళ్లజోడు మరచినవారికి నాది ఇస్తాను.